తెర ముందు మౌనం: నామ్ జూన్ పైక్, బిల్ వయోలా వీడియో కళలో ఆధ్యాత్మికాన్వేషణ (1963–2016)

వ్యాససంగ్రహం:

ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో టెలివిజన్ తెర పాశ్చాత్య సమాజాల దైనందిన జీవితాన్ని ఆక్రమించింది. మనిషి దృష్టిని చెదరగొట్టే యంత్రంగా విమర్శలు ఎదుర్కొన్న ఆ తెరనే కొందరు కళాకారులు ధ్యానసాధనంగా మలచడానికి ప్రయత్నించారు. కొరియాలో జన్మించిన నామ్ జూన్ పైక్ (1932–2006), అమెరికన్ కళాకారుడు బిల్ వయోలా (1951–2024) ఈ ప్రయత్నంలో ముఖ్యులు. 1963 నుంచి 2016 వరకు వీరు చేసిన ఎంపిక చేసిన కృతులను ఈ వ్యాసం చారిత్రకక్రమంలో పరిశీలిస్తుంది. మత విశ్వాసం సర్వజనీనం కాని సమాజంలో ఒక కళాకృతి ఆధ్యాత్మికానుభవానికి తావు కాగలదా, కాగలిగితే ఆ అనుభవానికి ఆధారం యంత్రమా, స్థలమా, చూసేవారి అవధానమా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న. ఆనంద కుమారస్వామి రచనల ద్వారా ఈ చరిత్రకు భారతీయ రససిద్ధాంతంతోనూ, తెలుగువారితోనూ ఏర్పడిన సంబంధాన్ని కూడా ఈ వ్యాసం సూచిస్తుంది.

కీలకపదాలు: వీడియో కళ, ఆధ్యాత్మికత, లౌకికత, టెలివిజన్, దర్శనం, అవధానం, రసం.

1. ప్రవేశిక

‘లౌకిక’ శబ్దానికి తెలుగులో కనీసం మూడు అర్థచ్ఛాయలు ఉన్నాయి. వైదికానికి భిన్నమైనది లౌకికం. పారమార్థికానికి భిన్నమైనది కూడా లౌకికమే. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ ద్వారా పీఠికలో చేరిన ‘లౌకిక’ పదం రాజ్యానికీ మతాలకూ మధ్య ఉండవలసిన సంబంధాన్ని సూచిస్తుంది. ఈ వ్యాసంలో ఆ పదాన్ని వీటికి కొంత భిన్నంగా, కెనడా తాత్త్వికుడు చార్లెస్ టేలర్ 2007లో ప్రకటించిన ‘ఎ సెక్యులర్ ఏజ్’ గ్రంథంలో వివరించిన అర్థానికి దగ్గరగా ప్రయోగించడం జరిగింది. ఆయన దృష్టిలో లౌకికయుగం అంటే దేవుడు లేని యుగం కాదు. దేవుడిని నమ్మడం అనేక మార్గాలలో ఒకటిగా మారిన యుగం. అక్కడ నమ్మేవాడికి తన పక్కనే నమ్మనివాడు ఉన్నాడన్న ఎరుక ఎప్పుడూ ఉంటుంది.

ఇటువంటి సమాజంలో ఆధ్యాత్మికతను వస్తువుగా స్వీకరించే కళాకారుడికి రెండు చిక్కులు ఎదురవుతాయి. పూర్వం శిల్పికీ చిత్రకారుడికీ మతం ఇచ్చిన ఉమ్మడి ప్రతీకల భాష అతడికి అందుబాటులో ఉన్నా, ప్రేక్షకులందరూ దానిని ఒకే విధంగా అర్థం చేసుకుంటారన్న భరోసా లేదు. ఇది మొదటి చిక్కు. ఇక రెండవది, ఆ ప్రతీకలన్నీ ప్రకటనలలో, చలనచిత్రాలలో, టెలివిజన్‌లో పదేపదే కనిపించి అరిగిపోయాయి. ఈ రెండు చిక్కులనూ తప్పించుకోకుండా, చిక్కుకు మూలమైన తెరనే సాధనంగా తీసుకోవడం వీడియో కళాకారుల ప్రత్యేకత.

2. పూర్వరంగం: కళాసంస్థలు, ఆధ్యాత్మికత

ఆధునిక చిత్రకళ తొలినాళ్లలో ఆధ్యాత్మికతకు దూరంగా లేదు. వసిలీ కాండిన్‌స్కీ 1911 చివరలో జర్మన్ భాషలో వెలువరించిన గ్రంథం పేరే ‘కళలో ఆధ్యాత్మికతను గురించి’ అన్న అర్థాన్ని ఇస్తుంది. రూపాన్ని విడిచిన వర్ణం మనిషి అంతరంగాన్ని నేరుగా తాకుతుందని ఆయన విశ్వాసం. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో 1971లో ప్రారంభమైన రోత్కో చాపెల్ ఈ ధోరణికి ఒక పరాకాష్ఠ. మార్క్ రోత్కో చిత్రించిన 14 పెద్ద ముదురువర్ణ చిత్రాలు ఆ అష్టభుజాకార మందిరం గోడలపై ఉన్నాయి. ఏ మతానికీ పరిమితం కాని ప్రార్థనాస్థలంగా అది నేటికీ కొనసాగుతున్నది.

అయితే 1970ల నాటికి కళావిమర్శలో వాతావరణం మారింది. కళను, ఆత్మను ఒకే వాక్యంలో ప్రస్తావించడం ఇబ్బందికరంగా మారిందని రోజలిండ్ క్రౌస్ 1979లో ‘గ్రిడ్స్’ అనే వ్యాసంలో గుర్తించారు. జేమ్స్ ఎల్కిన్స్ 2004లో ప్రచురించిన గ్రంథంలో సమకాలీన కళలో మతానికి ఉన్న విచిత్రస్థానాన్ని చర్చించారు. మతాన్ని విమర్శించే కృతికి, వ్యంగ్యంగా చూపే కృతికి కళాసంస్థలలో చోటు దొరుకుతుంది గాని, నిష్కపటమైన భక్తిని ప్రకటించే కృతికి దాదాపుగా చోటు ఉండదన్నది ఆయన పరిశీలన సారాంశం. పైక్, వయోలాల కృషిని ఈ నేపథ్యంలో చూడవలసి ఉంటుంది. వీరు కళాసంస్థల లోపలే ఉంటూ, ఆ సంస్థలు సందేహంగా చూసే విషయాన్ని ఆ సంస్థలకే కొత్తదైన మాధ్యమం ద్వారా ప్రవేశపెట్టారు.

3. నామ్ జూన్ పైక్: ఒక గీత, ఒక బుద్ధుడు

పైక్ 1932లో సియోల్‌లో జన్మించి, టోక్యో విశ్వవిద్యాలయంలో సౌందర్యశాస్త్రం చదివి, 1956లో సంగీతాధ్యయనం కోసం జర్మనీ చేరాడు. 1958లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌తో ఏర్పడిన పరిచయం ఆయన మార్గాన్ని మార్చింది. 1963 మార్చిలో వుప్పర్టాల్ నగరంలోని పర్నాస్ గ్యాలరీలో ఆయన ఏర్పాటు చేసిన ‘సంగీత ప్రదర్శన – ఎలక్ట్రానిక్ టెలివిజన్’ను వీడియో కళకు ఆరంభబిందువుగా చరిత్రకారులు తరచుగా పేర్కొంటారు. అందులో ప్రసారాలను వక్రీకరించి చూపే టెలివిజన్ సెట్లతోపాటు, పాడైపోయి బొమ్మ అంతా ఒకే ఒక సన్నని వెలుగుగీతగా కుంచించుకుపోయిన సెట్ కూడా ఒకటి ఉంది. పైక్ దానిని బాగుచేయించలేదు. గీత నిలువుగా కనిపించేటట్లు సెట్‌ను పక్కకు తిప్పి నిలబెట్టాడు. అదే ‘జెన్ ఫర్ టీవీ’.

ఈ కృతి చరిత్రలో చిన్నదిగా కనిపించినా ఒక పద్ధతికి నాంది పలికింది. టెలివిజన్‌కు ఆధ్యాత్మిక విషయాన్ని చేర్చడం కాక, దాని నుంచి అన్నింటినీ తీసివేయడం ఇక్కడి పద్ధతి. వార్త, నాటకం, ప్రకటన, ముఖం, మాట అన్నీ తొలగిన తరువాత మిగిలింది వెలుగు మాత్రమే. మరుసటి ఏడాది ‘జెన్ ఫర్ ఫిల్మ్’లో ఏ దృశ్యమూ ముద్రితం కాని ఖాళీ ఫిల్మును ప్రొజెక్టర్‌లో ఆడించి, ఇదే పద్ధతిని చలనచిత్రానికి అన్వయించాడు. ఆ ఫిల్ముపై కాలక్రమేణా పడే గీతలు, దుమ్ము మాత్రమే అందులోని దృశ్యం.

అయినా పైక్‌ను జెన్ ప్రచారకుడిగా భావించడం పొరపాటు. తన సంస్కృతికి తానే అమ్మకందారుగా మారకూడదన్న జాగ్రత్తతో జెన్ గురించి సాధారణంగా మాట్లాడనని ఆయన 1964 నాటి రచనలో పేర్కొన్నాడు. పాశ్చాత్యులు ప్రాచ్యదేశాల కళాకారుడి నుంచి ‘ఆధ్యాత్మికత’ను ఆశించడం, ఆ ఆశ తీర్చడమే అతడి వృత్తిగా మారడం అనే ప్రమాదాన్ని ఆయన ముందుగానే గుర్తించాడు. ఈ జాగ్రత్తను దృష్టిలో ఉంచుకొనే 1974 నాటి ‘టీవీ బుద్ధ’ను చదవవలసి ఉంటుంది.

‘టీవీ బుద్ధ’ నిర్మాణం చాలా సరళం. ఒక పురాతన బుద్ధ విగ్రహం. దానికి ఎదురుగా ఒక టెలివిజన్. ఆ విగ్రహాన్ని ఎడతెగకుండా చిత్రీకరించే ఒక కెమెరా. బుద్ధుడు తెరను చూస్తుంటాడు, తెరపై బుద్ధుడు కనిపిస్తుంటాడు. ధ్యానంలో ఉన్న బుద్ధుడు తన అంతరంగాన్ని చూస్తున్నాడని భావించేవారికి ఇది ధ్యానరూపకం. టెలివిజన్‌కు దాసుడై తన బొమ్మనే తాను చూసుకుంటూ కూర్చున్న ఆధునిక మానవుడిపై పరిహాసంగా భావించేవారికి ఇది వ్యంగ్యరచన. కృతి ఈ రెండింటిలో దేనినీ తోసిపుచ్చదు. రెండేళ్ల తరువాత క్రౌస్ వీడియో కళ మొత్తాన్నీ ఆత్మరతి సౌందర్యంగా విశ్లేషించారు. కెమెరాకూ తెరకూ మధ్య మనిషి చిక్కుకొని తన ప్రతిబింబంతో మాత్రమే సంభాషిస్తాడన్నది ఆ వాదన. అయితే ‘టీవీ బుద్ధ’లో తన బొమ్మను చూస్తున్నది అహంకారాన్ని విడిచినవాడిగా ప్రసిద్ధుడైన వ్యక్తి విగ్రహం. ఆత్మరతికి, ఆత్మవిచారానికి బాహ్యరూపం ఒకటే కావచ్చునన్న ఇబ్బందికరమైన సత్యాన్ని ఈ కృతి చూసేవారి ముందు ఉంచుతుంది.

ఇక్కడ భారతీయ పాఠకులకు పరిచితమైన ‘దర్శనం’ అనే భావన ఉపకరిస్తుంది. డయానా ఎక్ 1981లో ప్రచురించిన అధ్యయనంలో వివరించినట్లు, దర్శనమంటే భక్తుడు దేవుణ్ణి చూడడం మాత్రమే కాదు, దేవుడి చూపు భక్తుడిపై పడడం కూడా. ‘టీవీ బుద్ధ’లో ఈ పరస్పరత తెగిపోతుంది. విగ్రహం చూపు తెర దగ్గరే ఆగిపోతుంది. ప్రేక్షకుడు పక్కన నిలబడిన పరాయివాడవుతాడు. అతడు విగ్రహం వెనుకకు వెళ్లి కెమెరా పరిధిలోకి వస్తేనే, బుద్ధుడి వెనుక ఒక నీడగా తెరపై కనిపిస్తాడు. లౌకికయుగంలో పవిత్రతకు ఎదురుగా నిలబడిన మనిషి స్థితిని ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కష్టం.

4. బిల్ వయోలా: నీరు, ప్రయాణాలు, చిన్న గది

వయోలా 1951 జనవరి 25న న్యూయార్క్‌లో జన్మించాడు. ఆరేళ్ల వయసులో ఒక సరస్సులో పడిపోయి, అడుగున నీలికాంతిలో ఒక అద్భుతలోకాన్ని చూశాననీ, బంధువు పైకి లాగేవరకు భయం అనిపించలేదనీ ఆయన పలు సందర్భాలలో చెప్పుకున్నాడు. ఆయన కృతులలో మనుషులు పదేపదే నీటిలో మునగడానికీ తేలడానికీ ఈ జ్ఞాపకమే మూలమని విమర్శకులు భావిస్తారు. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, అక్కడి ఎవర్సన్ మ్యూజియంలో సాంకేతిక సహాయకుడిగా పనిచేస్తున్న కాలంలో పైక్ ప్రదర్శనకు కూడా ఆయన పనిచేశాడు. ఆ విధంగా రెండు తరాల మధ్య ప్రత్యక్షసంబంధం ఏర్పడింది.

1974 నుంచి 1976 వరకు ఫ్లారెన్స్ నగరంలోని ఒక వీడియో స్టూడియోలో పనిచేస్తూ, పునరుజ్జీవనకాలపు చిత్రాలను అవి పుట్టిన చర్చిలలోనే ఆయన చూశాడు. 1980–81లో జపాన్‌లో నివసిస్తూ జెన్ గురువు డైయెన్ తనాకా వద్ద అధ్యయనం చేశాడు. అదే కాలంలో సోనీ సంస్థ అత్సుగి ప్రయోగశాలలో అతిథి కళాకారుడిగా ఉన్నాడు. ఒకవైపు ధ్యానశిక్షణ, మరొకవైపు ఎలక్ట్రానిక్ యంత్రాల తయారీశాల. ఈ రెండింటినీ ఆయన పరస్పర విరుద్ధాలుగా చూడకపోవడం గమనార్హం. జలాలుద్దీన్ రూమీ, ఆనంద కుమారస్వామి, క్రైస్తవ మార్మికులు ఆయన అధ్యయనంలో పక్కపక్కనే ఉన్నారు.

ఈ అధ్యయన ఫలితమే 1983 నాటి ‘రూమ్ ఫర్ సెయింట్ జాన్ ఆఫ్ ది క్రాస్’. పదహారవ శతాబ్దపు స్పానిష్ మార్మికకవి జాన్‌ను, సంస్కరణను వ్యతిరేకించిన సొంత మఠశాఖవారే 1577లో టొలెడో నగరంలో బంధించారు. నిటారుగా నిలబడడానికి కూడా వీలులేని ఇరుకుగదిలో తొమ్మిది నెలలు గడిపిన ఆ కాలంలోనే ఆయన ప్రసిద్ధ కవితలలో కొన్నింటిని రచించాడు. వయోలా కృతిలో చీకటి హాలు గోడపై కదలిపోయే పర్వతదృశ్యాలు, చెవులు మూసుకోవలసినంత గాలిహోరు ఉంటాయి. హాలు మధ్యలో ఒక చిన్న నల్లని గది. దాని కిటికీలోంచి తొంగిచూస్తే మట్టినేల, చిన్న బల్ల, నీటిపాత్ర, అరచేతిలో ఇమిడేంత తెర కనిపిస్తాయి. ఆ తెరపై కదలని మంచుకొండ. లోపలినుంచి స్పానిష్‌లో కవితలు చదివే మెల్లని స్వరం వినిపిస్తుంది.

ప్రసారమాధ్యమాలు నిండిన సంస్కృతికి ఈ కృతిని ఒక నమూనాపటంగా భావించవచ్చు. బయట పెద్దతెర, హోరు, వేగం. లోపల చిన్నతెర, గుసగుస, నిశ్చలత. రెండూ తెరలే కావడం ముఖ్యం. వయోలా తెరను విడిచి అడవికి పొమ్మని చెప్పలేదు. తెరతో మనిషి ఏర్పరచుకునే సంబంధం మారవలసి ఉందని మాత్రమే సూచించాడు. లోపలి దృశ్యం కోసం ప్రేక్షకుడు వంగి, తల దగ్గరగా పెట్టి, హోరులోంచి స్వరాన్ని ఏరుకోవలసి ఉంటుంది. శరీరం చేసే ఆ చిన్న శ్రమే అక్కడ సాధన.

5. సాగిన కాలం: భావం, అభినయం, రసం

1995లో వెనిస్ బియెన్నాలేలో అమెరికా ప్రతినిధిగా వయోలా ప్రదర్శించిన కృతులలో ‘ది గ్రీటింగ్’ ఒకటి. గర్భవతి అయిన మేరీ తన బంధువు ఎలిజబెత్‌ను కలుసుకునే సన్నివేశాన్ని ఇటాలియన్ చిత్రకారుడు పాంటోర్మో 1528–29 ప్రాంతంలో చిత్రించాడు. ఆ కూర్పును ఆధారంగా చేసుకొని ముగ్గురు స్త్రీలు వీధిలో పలకరించుకునే సంఘటనను వయోలా అతివేగపు కెమెరాతో చిత్రీకరించాడు. సుమారు 45 సెకన్లలో ముగిసిన సంఘటన తెరపై 10 నిమిషాలపాటు సాగుతుంది. వస్త్రం ఎగరడం, ఒకరి కళ్లలో అసూయ మెరవడం, చేయి మరొకరి భుజాన్ని చేరడం అనే సూక్ష్మచలనాలే ఇక్కడ కథ.

1998లో లాస్ ఏంజలిస్‌లోని గెట్టీ పరిశోధనాసంస్థలో భావాల చిత్రణను గురించి జరిగిన అధ్యయనంలో పాల్గొన్న తరువాత ఈ పద్ధతి మరింత విస్తరించింది. ఆ కృషి ఫలితాలు 2003లో గెట్టీ మ్యూజియంలో ‘ది ప్యాషన్స్’ పేరుతో ప్రదర్శితమయ్యాయి. వీటిలో ‘డొలొరోసా’ (2000) మధ్యయుగపు భక్తులు వెంట తీసుకువెళ్లే జంటపలకల చిత్రపటం లాగా, పుస్తకం వలె తెరుచుకున్న రెండు సన్నని తెరలతో ఏర్పడింది. వాటిలో ఒక స్త్రీ, ఒక పురుషుడు నిశ్శబ్దంగా కన్నీరు పెడుతుంటారు. ‘అబ్జర్వెన్స్’ (2002)లో మనుషులు ఒకరి వెనుక ఒకరు ముందుకు వచ్చి, చట్రానికి దిగువన మనకు కనిపించని దేనినో చూసి, దుఃఖంతో వెనుదిరుగుతారు. వారు చూస్తున్న స్థలం ప్రేక్షకుడు నిలబడిన స్థలానికి దగ్గరగా ఉంటుంది. ‘టీవీ బుద్ధ’లో తెగిన పరస్పరత ఇక్కడ మరొక రూపంలో తిరిగి ఏర్పడిందని చెప్పవచ్చు. చూడడానికి వచ్చినవాడు చూడబడేవాడయ్యాడు.

ఈ సందర్భంలో ఆనంద కుమారస్వామి ప్రస్తావన అవసరం. 1934లో ప్రకటించిన ‘ది ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ నేచర్ ఇన్ ఆర్ట్’ గ్రంథంలోనూ, అంతకుముందు 1918 నాటి ‘ది డాన్స్ ఆఫ్ శివ’ వ్యాసాలలోనూ ఆయన విశ్వనాథుడి ‘సాహిత్యదర్పణం’ ఆధారంగా రససిద్ధాంతాన్ని ఆంగ్లపాఠకులకు వివరించాడు. రసాస్వాదం బ్రహ్మాస్వాదానికి సోదరప్రాయమన్న ఆలంకారికుల భావన ఆ విధంగా పాశ్చాత్య కళాకారుల దృష్టికి చేరింది. అంతకు ముందే, 1917లో, నందికేశ్వరుడి ‘అభినయదర్పణం’ హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా ‘ది మిర్రర్ ఆఫ్ జెస్చర్’ పేరుతో ఆంగ్లంలో వెలువడింది. ఆ అనువాదంలో కుమారస్వామికి సహరచయిత దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889–1928). చీరాల–పేరాల ఉద్యమనాయకుడిగా తెలుగువారికి చిరపరిచితుడైన ఆయన, ఎడింబరోలో చదువుకున్న కాలంలో ఏర్పడిన పరిచయం ఈ గ్రంథానికి దారితీసింది. పాశ్చాత్య కళారంగంలో భారతీయ భావాభినయచర్చకు పునాదివేసిన గ్రంథాలలో ఒకదానిపై ఒక తెలుగువాడి పేరు ఉండడం మన సాంస్కృతిక చరిత్రలో తగినంతగా గుర్తుకురాని విషయం.

వయోలా కృతులపై ‘అభినయదర్పణం’ ప్రభావం ఉన్నదని ఈ వ్యాసం వాదించదు. అయితే పోలిక ప్రయోజనకరం. చేయి వెళ్లిన చోటికి చూపు, చూపు వెళ్లిన చోటికి మనసు, మనసు నిలిచిన చోట భావం, భావం నుంచి రసం అన్న క్రమాన్ని నందికేశ్వరుడు నిర్దేశించాడు. శిక్షణ పొందిన నర్తకి ఈ క్రమాన్ని తన శరీరంతో సాధిస్తుంది. వయోలా దీనిని యంత్రంతో సాధించడానికి ప్రయత్నించాడు. కాలాన్ని సాగదీసి, నటుడి ముఖంలో ఒక భావం మరొక భావంగా మారే సంధిక్షణాన్ని ప్రేక్షకుడికి చూపాడు. సంచారిభావాల రాకపోకలు సాధారణవేగంలో కంటికి అందవు. అవి అందేటంతవరకు ఆగగలిగినప్పుడు, తెరపై ఉన్నది ఎవరి దుఃఖం అన్న ప్రశ్న వెనుకబడి దుఃఖమే మిగులుతుంది. ఆలంకారికులు ‘సాధారణీకరణం’ అన్నది ఇటువంటి స్థితినే. ఆ రసం అలౌకికమని చెప్పడానికి మతవిశ్వాసం షరతు కాదన్న విషయం ఇక్కడ కీలకం. సహృదయత మాత్రమే షరతు. లౌకికసమాజంలో ఆధ్యాత్మికకళ సాధ్యమా అన్న పాశ్చాత్యచర్చకు రససిద్ధాంతం ఇవ్వగల ముఖ్యమైన సూచన ఇదే.

6. ప్రార్థనాలయంలోకి తెర

1992లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో 17వ శతాబ్దపు ప్రార్థనాలయం కోసం రూపొందిన ‘నాంత్ ట్రిప్టిక్’ మూడు తెరల కృతి. ఎడమవైపు ఒక స్త్రీ ప్రసవిస్తుంటుంది. కుడివైపు మరణశయ్యపై ఉన్న వృద్ధురాలు వయోలా తల్లి. మధ్యలో నీటిలో తేలియాడే ఒక మనిషి. క్రైస్తవ బలిపీఠాలపై నెలకొన్న త్రిఫలకరూపాన్ని కళాకారుడు స్వీకరించాడు. సాధువులకూ దేవదూతలకూ బదులుగా ప్రతి కుటుంబానికీ తెలిసిన రెండు సంఘటనలను అందులో ఉంచాడు.

1996లో ఇంగ్లండ్‌లోని డర్హమ్ కేథడ్రల్ కోసం చేసిన ‘ది మెసెంజర్’లో లోతైన నీటిలోంచి ఒక నగ్నపురుషుడు నెమ్మదిగా పైకి వచ్చి, గాఢంగా ఊపిరి తీసుకొని, తిరిగి మునిగిపోతాడు. ఇది పదేపదే జరుగుతుంది. కేథడ్రల్ పడమటి ద్వారంపై ప్రొజెక్టు చేసిన ఈ దృశ్యంపై అభ్యంతరాలు రావచ్చునన్న పోలీసుల హెచ్చరికతో చుట్టూ అడ్డుతెరలు ఏర్పాటు చేయవలసి వచ్చింది. సిలువపై అర్ధనగ్నంగా వేలాడే దేహాన్ని శతాబ్దాలుగా పూజించిన స్థలంలో ఒక మనిషి ఊపిరి తీసుకోవడం అభ్యంతరకరం కావడం ఆలోచించదగిన విషయం. ప్రతీక పాతబడినప్పుడు దేహం కనిపించకుండా పోతుంది. వీడియో దానిని మళ్లీ కనిపించేటట్లు చేసింది.

2007లో వెనిస్‌లోని సాన్ గాలో అనే చిన్న చర్చిలో మూడు బలిపీఠాలపై తెరలు అమర్చి ‘ఓషన్ వితౌట్ ఎ షోర్’ ప్రదర్శించాడు. చనిపోయినవారు మసకబారిన నలుపు–తెలుపు చీకటిలోంచి నడిచివచ్చి, పలుచని నీటిగోడను దాటగానే రంగులలోకి, స్పష్టతలోకి ప్రవేశిస్తారు. కొద్దిసేపటికి వెనుదిరిగి మళ్లీ చీకటిలో కలుస్తారు. నీటిగోడకు అవతలిభాగాన్ని పాత నిఘాకెమెరాతో, ఇవతలిభాగాన్ని హైడెఫినిషన్ కెమెరాతో చిత్రీకరించడం వల్ల యంత్రాల చరిత్రే జీవన్మరణాల సరిహద్దుగా మారింది.

2014 మేలో లండన్‌లోని సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో వయోలా, ఆయన సహచరి, సహకర్త కీరా పెరోవ్ కలిసి రూపొందించిన ‘మార్టర్స్ (ఎర్త్, ఎయిర్, ఫైర్, వాటర్)’ ఆవిష్కృతమైంది. నాలుగు నిలువుతెరలపై నలుగురు మనుషులు మట్టి, గాలి, నిప్పు, నీరు అనే భూతాల దాడిని సుమారు 7 నిమిషాలపాటు మౌనంగా సహిస్తారు. ఇందులో శబ్దం లేదు. హతసాక్షి అన్న అర్థంలో నేడు వాడే ‘మార్టర్’ పదానికి మూలమైన గ్రీకుశబ్దానికి అసలు అర్థం ‘సాక్షి’ మాత్రమే. ప్రసారమాధ్యమాలు ఇతరుల బాధలకు ప్రతిరోజూ మనలను సాక్షులుగా చేస్తున్నాయన్న ఎరుక ఈ కృతి వెనుక ఉంది. 2016లో దీనికి జంటగా ‘మేరీ’ అదే కేథడ్రల్‌లో చేరింది. ఈ రెండు కృతులూ టేట్ మ్యూజియానికి కానుకగా అందాయి. కేథడ్రల్‌లో అవి దీర్ఘకాలిక అరువుపై ఉన్నాయి. ప్రార్థన చర్చిలో, యాజమాన్యం మ్యూజియంలో ఉన్న ఈ ఏర్పాటు లౌకికయుగపు ఆధ్యాత్మికకళ స్థితిని చట్టపరమైన భాషలోనే చెబుతున్నది.

7. తెర పవిత్రమవుతుందా?

నీల్ పోస్ట్‌మన్ 1985లో ‘అమ్యూజింగ్ అవర్‌సెల్వ్స్ టు డెత్’ గ్రంథంలో టెలివిజన్ మతబోధకులను విమర్శిస్తూ బలమైన వాదాన్ని ప్రతిపాదించాడు. ఏ స్థలమైనా మతానుభవానికి యోగ్యం కావాలంటే దానిని కొంతసేపైనా లౌకికవ్యాపారాల నుంచి వేరుచేయవలసి ఉంటుంది. టెలివిజన్ ఉన్న గదిని అలా వేరుచేయడం సాధ్యం కాదు. ప్రార్థన చూపించిన తెరే మరుక్షణం ప్రకటనను, హాస్యనాటికను చూపిస్తుంది కనుక తెరకే లౌకికస్వభావం అంటుకొని ఉంటుందని ఆయన అభిప్రాయం.

భారతీయానుభవం ఈ వాదాన్ని పూర్తిగా సమర్థించదు. 1987–88లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ ప్రసారమైనప్పుడు దేశంలో అనేకచోట్ల ప్రేక్షకులు స్నానం చేసి, టెలివిజన్ సెట్‌కు పూలదండలు వేసి, హారతులిచ్చి చూశారు. అంతకు చాలాకాలం ముందే తెలుగు పౌరాణిక చలనచిత్రాల ప్రేక్షకులు తెరమీది కృష్ణుణ్ణి, రాముణ్ణి చూసి నమస్కరించారు. పోస్ట్‌మన్ అసాధ్యమన్న వేర్పాటును ఇక్కడి ప్రేక్షకులు తమ ఆచారంతోనే సాధించారు. తెరకు పవిత్రత తెరనుంచి రాలేదు, చూసేవారు పాటించిన నియమం నుంచి వచ్చింది. అయితే ఆ ప్రేక్షకులకు కథ, దేవుడు, ఆచారం ముందే ఉన్నాయి. పైక్, వయోలాల ప్రేక్షకుడికి ఈ మూడింటిలో ఏదీ ఉండనవసరం లేదు. అందువల్ల వేర్పాటు బాధ్యత పూర్తిగా కృతి నిర్మాణంపై, అది నిలిచిన స్థలంపై పడుతుంది.

ఈ దృష్టితో చూసినప్పుడు వయోలాపై వచ్చిన విమర్శలను తేలికగా తోసివేయలేము. ఆయన కృతులు భావోద్వేగాన్ని అతిగా ప్రదర్శిస్తాయనీ, ఏ సంప్రదాయానికీ కట్టుబడకుండా అన్ని సంప్రదాయాల బాహ్యరూపాలనూ వాడుకుంటాయనీ విమర్శకులు ఆక్షేపించారు. పైక్ పాడైన సెట్‌తో చేసిన తీసివేతకు, వయోలా పెద్ద సాంకేతిక బృందాలతో, ఖరీదైన పరికరాలతో నిర్మించిన దృశ్యాలకు మధ్య దూరం తక్కువేమీ కాదు. వయోలా కూడా మాటను, కథను, వేగాన్ని తీసివేశాడు. కానీ ఆ ఖాళీలో వైభవాన్ని నింపాడు. వైభవం మౌనాన్ని మింగివేసిన కృతులు ఆయనలో లేకపోలేదు. అదీగాక, 1995లో అరుదైన అనుభవమైన మందగతి దృశ్యం నేడు ప్రతి ఫోనులోనూ ఒక మీటగా మారింది. ప్రసారసంస్కృతి తనపై వచ్చిన విమర్శనే తన అలంకారంగా మార్చుకోగలదని ఇది నిరూపిస్తున్నది.

యంత్రాల ఆయుర్దాయం మరొక ప్రశ్న. పైక్ 1988లో 1,003 టెలివిజన్లతో కొరియాలో నిర్మించిన ‘ది మోర్ ది బెటర్’ పాత పిక్చర్‌ట్యూబులు పాడైపోవడంతో 2018లో ఆగిపోయింది. సుదీర్ఘమైన మరమ్మతుల తరువాత 2022లో తిరిగి వెలిగింది. పాత ట్యూబును కొత్తరకం తెరతో మార్చితే కృతి అదే అవుతుందా అన్నది సంరక్షకులను వేధించే ప్రశ్న. దేవాలయసంప్రదాయంలో జీర్ణోద్ధారణ ఈ ప్రశ్నకు ఒక సమాధానం. అక్కడ బింబం శిథిలమైతే కళను కుంభంలోకి ఆవాహన చేసి, కొత్తబింబంలో ప్రతిష్ఠిస్తారు. కొనసాగేది రాయి కాదు, క్రియ. లౌకికసంస్థకు అటువంటి క్రియ లేదు. దాని స్థానంలో కళాకారుడి సూచనలు, సంరక్షకుల నివేదికలు ఉన్నాయి. ‘టీవీ బుద్ధ’లో శతాబ్దాలు నిలిచిన విగ్రహం యథాతథంగా ఉండి, కొద్ది దశాబ్దాల నాటి యంత్రం మాత్రమే మార్పు కోరడం అనిత్యతను గురించి కృతి చెప్పిన, బహుశా ఉద్దేశించని, పాఠం.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి.

మొదటిది, వీడియో కళలో ఆధ్యాత్మికాన్వేషణ ప్రధానంగా తీసివేత పద్ధతిలో సాగింది. 1963 నాటి వెలుగుగీత నుంచి 2014 నాటి శబ్దంలేని తెరల వరకు, ప్రసారమాధ్యమం ఇచ్చేవాటిని తగ్గించడమే ఆ కళకు మూలసూత్రం.

రెండవది, తెర స్వభావతః పవిత్రమూ కాదు, అపవిత్రమూ కాదు. డర్హమ్‌లో అడ్డుతెరల వెనుక, లండన్‌లో అరువు ఒప్పందం కింద, భారతీయ గృహాలలో పూలదండల నడుమ అది వేర్వేరు స్థితులను పొందింది. ఆ స్థితిని నిర్ణయించింది స్థలం, నియమం, చూసేవారి అవధానం.

మూడవది, విశ్వాసం ఉమ్మడిగా లేని సమాజంలో కళానుభవం ఆధ్యాత్మికమా కాదా అన్న చర్చలో పాశ్చాత్యవిమర్శ తరచుగా మతం, వ్యంగ్యం అన్న రెండు కొసల మధ్యనే తిరిగింది. లౌకికానికీ మతానికీ మధ్య ‘అలౌకికం’ అన్న మూడవస్థానాన్ని గుర్తించిన రససిద్ధాంతం ఈ చర్చను ముందుకు తీసుకువెళ్లగలదు. 1917లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య భాగస్వామ్యంతో మొదలైన ఆ సంభాషణను తెలుగు పరిశోధకులు సమకాలీన దృశ్యకళల వరకు విస్తరించవలసిన అవసరం ఉంది.

వయోలా 2024 జూలై 12న అల్జీమర్స్ వ్యాధి కారణంగా మరణించాడు. జ్ఞాపకాన్ని, అవధానాన్ని జీవితాంతం వస్తువుగా స్వీకరించిన కళాకారుడిని ఆ రెండే చివరకు విడిచిపోయాయి. చూడడం ఒక సాధన కాగలదని చెప్పిన ఆయన కృతులు ఇక చూసేవారి అవధానాన్నే ఆశ్రయించి నిలవవలసి ఉంది.